నడుమ అరిగిన స్క్రూ

సోమవారం పొద్దున షాపు షట్టరు ఎత్తీ ఎత్తకముందే తమ్ముడు రెండు టీ గ్లాసులు పట్టుకుని, మెషీన్లు పనికి సర్దిపెట్టే సెట్టరమ్మ దగ్గరికి వచ్చాడు. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, షాపు యజమాని. డ్రిల్లుకీ కట్టరుకీ తేడా తెలియని వయసులో ఆవిడ పక్కన నిలబడి పని నేర్చుకున్నాడు కాబట్టి ఆవిడ అక్క అయింది, తండ్రి పోయాక కుర్చీలో కూర్చున్నా ఆ పిలుపు మారలేదు. అలాంటివాడు తన చేత్తో టీ తెచ్చి ఇస్తున్నాడంటే ఏదో పని పడిందన్నమాటే.

"అక్కా, తాతని ఒకసారి లేపి కూర్చోబెట్టాలి" అన్నాడు.

తాత అంటే మూల గోడ పక్కనున్న పాత సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్, రాసిచ్చిన ప్రోగ్రాం ప్రకారం ఇనుప ముక్కల్ని కోసేది. పచ్చ అక్షరాల తెర, సగం అంకెలు చెరిగిపోయిన మీటలు, తలుపు తీస్తే కీచుమనే కీళ్ళు. అంకెలు చెరిగిపోయినా సెట్టరమ్మకి నష్టమేం లేదు, ఆవిడ మీటల్ని చూసి నొక్కి ఎన్నేళ్ళయిందో.

"కూర్చోబెట్టి?"

"కొత్త పార్టీ ఒకటి దొరికేట్టుంది. ఆరు రంధ్రాల ప్లేటు. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం ఇరవై మైక్రాన్లకి మించి తప్పకూడదు. గురువారం వాళ్ళ మనిషి వచ్చి దగ్గరుండి చూస్తాడు. అది నిలబడిందా, రెండేళ్ళ పని. తాతా ఇక్కడే ఉంటాడు, నువ్వూ ఇక్కడే ఉంటావు."

"నిలబడకపోతే?"

తమ్ముడు గ్లాసు అడుగుకేసి చూశాడు. "ఏం చెప్పనక్కా. కొత్త మెషీన్ కొందామని అందరూ నా చెవిలో పోరుతూనే ఉన్నారు. నీకు తెలియందేముంది."

ఇరవై మైక్రాన్లంటే తలవెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. పదేళ్ళ కిందట తాతకి అది చిటికెలో పని. ఇప్పుడు వాడి నడుములో సత్తువ లేదు. టేబుల్‌ని అటూ ఇటూ లాగే పొడుగాటి స్క్రూ మధ్యభాగంలో అరిగిపోయింది. అందరూ ముక్కని బిగించే వైస్‌ని టేబుల్ నడుమే పెడతారు, ఏళ్ళ తరబడి ఆ జానెడు మేరే స్క్రూ తిరిగింది, అక్కడే అరిగింది. పాత కుళాయి తిప్పితే మొదట కాస్త ఉత్తినే తిరిగి తర్వాత నీళ్ళు వస్తాయి చూడండి, అలా టేబుల్ దిశ మార్చినప్పుడల్లా స్క్రూ కొంచెం ఉత్తినే తిరుగుతుంది. ఆ కొంచెంలోనే కొలత పోతుంది.

"మూడు రోజులు నా జోలికి ఎవరూ రాకూడదు. మధ్యలో ఈ ముక్కొకటి, ఆ ముక్కొకటి అంటూ పంపావంటే ఊరుకోను" అంది సెట్టరమ్మ.

"నీ ఇష్టం అక్కా. నీ మీదే ఉంది అంతా" అని తమ్ముడు ఖాళీ గ్లాసులు రెండూ తనే తీసుకుపోయాడు. ఆ గ్లాసులు తీసుకుపోవడం చూసి ఆవిడ మురిసిపోయింది కూడాను.

ముందు కాళ్ళు చూసింది. మెషీన్ నాలుగు మూలల్లో లెవెల్ పెట్టి, బుడగ ఎటు జరిగితే అటు కింది బోల్టు పావు తిప్పు, అరతిప్పు. ఒక మూల సరిచేస్తే ఇంకో మూల అలుగుతుంది. మధ్యాహ్నానికి నాలుగూ దారికొచ్చాయి. తర్వాత నూనె. టేబుల్ జారే స్లైడుల మీద ఆయిల్ పారే సన్నటి గొట్టాల్లో ఒకటి మడ్డితో పూడుకుపోయింది. ఆ పక్క స్లైడు ఎన్నాళ్ళుగా పొడిగా రాసుకుంటోందో తలుచుకుంటే ఆవిడకి ఒళ్ళు మండింది. పోయినేడు తను జ్వరంతో మంచాన పడ్డ పదిరోజుల్లో ఎవడో నూనె డబ్బాలో ఏ నూనె పడితే ఆ నూనె పోశాడు. గొట్టం ఊడదీసి, నోటితో గాలి ఊది, కిరసనాయిల్‌తో కడిగి, మళ్ళీ బిగించి, వేలితో స్లైడు తడిమి చూసింది. వేలికి జిడ్డు అంటేదాకా నమ్మలేదు.

మంగళవారం బ్యాటరీలు. ఈ కాలపు మెషీన్ల సంగతి వేరు, తాతకి జ్ఞాపకమంతా మూడు బ్యాటరీల మీద నడుస్తుంది. అవి మార్చేటప్పుడు కరెంటు ఆన్‌లో ఉండి తీరాలి. ఏ మెషీన్‌నైనా ఆపి కదా చెయ్యి పెట్టాలని బుద్ధిమంతుడెవడైనా కరెంటు ఆపి పాత బ్యాటరీ పీకాడా, తాత తన పేరుతో సహా అన్నీ మర్చిపోతాడు. సెట్టరమ్మ ఒంటిచేత్తో మూత తీసి, ఊపిరి బిగబట్టి, పాతవి లాగి కొత్తవి పెట్టింది. తెర మీద అంకెలు కదలకుండా ఉన్నాయి. అప్పుడు ఊపిరి వదిలింది.

మధ్యాహ్నం కొలతలన్నయ్య డబ్బా తీసుకుని వచ్చి పక్క స్టూలు మీద కూర్చున్నాడు. తయారైన ప్రతి ముక్కనీ కొలిచి, సంతకం పెట్టి బయటికి పంపేది ఆయన. పదహారేళ్ళుగా ఇద్దరూ కలిసే తింటున్నారు. ఆవిడ కూరలో సగం ఆయన డబ్బాలోకి, ఆయన పచ్చడి ఆవిడ డబ్బాలోకి, అడగడాలూ వద్దనడాలూ ఉండవు.

"ఇంత ఒళ్ళు హూనం చేసుకోవాలా చెల్లెమ్మా? ఏదో పైపైన తుడిచి పెట్టెయ్" అన్నాడాయన.

"అన్నయ్యా, నువ్వేనా ఆ మాట అనేది? రెండు మైక్రాన్లు తప్పితే నా మొహాన కొట్టి పంపేవాడివి."

ఆయన నవ్వలేదు. కూర చాలా బాగుందన్నాడు. ఆ రోజు ఉప్పు వెయ్యడం మర్చిపోయిన సంగతి ఆవిడకి అప్పటికే తెలుసు.

సాయంత్రం ఇంట్లో మొగుడు నడుముకి బెల్టు కట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపి, వెన్నుపూస జారి, ఇప్పుడు ఇంటి గేటు దాకా నడవడమే ఆయనకి దూర ప్రయాణం. ఆవిడ తెచ్చే జీతంతోనే ఇల్లు నడుస్తోందని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

"ఎలా ఉన్నాడు నా సవతి?" అన్నాడు. తాతని ఆయన అలాగే అంటాడు.

"నడుము అరిగిందండీ. మీలాగే."

"మరి దానికి రోజూ నూనె రాసి, కాళ్ళు సర్ది, మూడు రోజులు సేవ. నాకు మాత్రం ఒక బెల్టు."

"మీరు ఇరవై మైక్రాన్లలో నిలబడండి, మీకూ చేస్తా."

ఆయన నవ్వబోయి నడుం పట్టుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతో, "ఉంచుతాడంటావా నిన్ను?" అని అడిగాడు.

"మాటిచ్చాడు. వాడు నా చేతుల మీద పని నేర్చుకున్నవాడండీ" అంది. ఆ రాత్రి ఆవిడకి బాగా నిద్రపట్టింది.

బుధవారం అసలు పని. వైస్‌ని టేబుల్ నడుమ నుంచి విప్పి ఎడమ చివరికి జరిపింది. అక్కడ స్క్రూ దాదాపు కొత్తదే, ఎవరూ వాడలేదు కదా. వంకర చూపించే డయల్ ముల్లు వైస్ దవడకి ఆనించి టేబుల్ నడిపితే ముల్లు మూడు గీతలు కదిలింది. రబ్బరు సుత్తితో ఒక్క చిన్న దెబ్బ. రెండు గీతలు. ఇంకొక్కటి, చంటిదాన్ని జోకొట్టినంత మెల్లగా. ముల్లు ఆగింది. అప్పుడు బోల్టులు బిగించింది. బిగించాక మళ్ళీ చూసింది, బిగింపులో కదిలే వైస్‌లు ఎన్ని చూసిందో.

ఇక ప్రోగ్రాం. ఒక్కో రంధ్రానికీ టేబుల్ ఎడమ నుంచే రావాలని రాసింది. కుడి నుంచి రావాల్సి వస్తే రంధ్రం దాటి రెండు మిల్లీమీటర్లు అవతలికి పోయి, వెనక్కి తిరిగి, ఎడమ నుంచే వచ్చి నిలబడాలి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తే స్క్రూలోని వదులు బయటపడదు. దీనికి ఆరు రంధ్రాలకి ఆరు వరసలు ఎక్కువ రాయాలి. తాత నడుము వదులయిన దగ్గర్నుంచీ ఆవిడ చెయ్యి ఇలా తప్ప ఇంకోలా రాయడం మానేసింది.

అరగంట కట్టరుని తిప్పే స్పిండిల్‌ని వట్టిగా తిప్పి వేడెక్కించి, మొదటి ప్లేటు కోసింది. కొలతలన్నయ్య రంధ్రాల్లో పిన్నులు పెట్టి, వాటి మీదుగా పెద్ద మైక్రోమీటరు బిగించి చూశాడు. ఒకసారి చూసి, తుడిచి, మళ్ళీ చూశాడు.

"అయిదు" అన్నాడు.

"ఎంత?"

"అయిదే మైక్రాన్లు. కొత్తదానికి కూడా రాదు ఇలా."

సెట్టరమ్మ సంతోషం పట్టలేక ఆయన భుజం మీద ఒక్కటి చరిచింది. ఆయన మైక్రోమీటరుని డబ్బాలో పెడుతూ ఉండిపోయాడు. అది పెట్టడానికి అంతసేపు పట్టదు.

గురువారం పదింటికి కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన వచ్చాడు. చేతిలో తోలు సంచీ, మాటలో మర్యాద. సెట్టరమ్మ ఇస్త్రీ బట్టలు వేసుకొచ్చింది, పైన ఉతికిన ఏప్రన్ కట్టింది. ఆయన కళ్ళెదుటే ప్లేటు బిగించి కోసింది. కొలతలన్నయ్య కొలిచి అయిదన్నాడు. తమ్ముడు వెలిగిపోయాడు. కళ్ళజోడాయన ప్లేటుని అటూ ఇటూ తిప్పి, బాగుందని, బల్ల మీద పెట్టేశాడు. రెండేళ్ళ పని ఇచ్చే మనిషి ప్లేటు చూసే తీరు అది కాదనిపించింది ఆవిడకి. సరేలే, పెద్దవాళ్ళు ఒక్కొక్కళ్ళది ఒక్కో పద్ధతి అనుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి కళ్ళజోడాయన టేపు తీసి తాతని కొలుస్తున్నాడు. వెడల్పు, ఎత్తు, వెనక గోడకీ మెషీన్‌కీ మధ్య జాగా. తర్వాత షట్టరు దగ్గరికి వెళ్ళి దాని వెడల్పు. టేపు రెండో కొస పట్టుకుని నిలబడ్డది కొలతలన్నయ్య.

ప్లేటు కొలవాల్సినవాళ్ళు మెషీన్‌ని ఎందుకు కొలుస్తారు? సెట్టరమ్మకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకోవడం కూడా మర్చిపోయి అక్కడే నిలబడిపోయింది. కొలతలన్నయ్య తలెత్తి ఆవిడని చూశాడు, టేపు కొస చేతిలోంచి జారి సర్రున వెనక్కి పోయింది.

తమ్ముడు గబగబా వచ్చి ఆవిడని పనిముట్ల అల్మరా పక్కకి తీసుకెళ్ళాడు.

"నేనే చెబ్దామనుకున్నానక్కా."

"ఎప్పుడు? లారీ ఎక్కించాకా?"

"దీన్ని ఆయనకి అమ్మేస్తున్నాను. వచ్చే నెల కొత్తది దిగుతోంది. దాన్ని నడిపే మనిషిని కూడా ఆ కంపెనీవాళ్ళే చూపించారు. నువ్వేం కంగారుపడకు, ప్యాకింగులో ఏదో ఒకటి చూస్తాను."

"రెండేళ్ళ పని అన్నావు."

తమ్ముడు కళ్ళజోడాయన వైపు తిరిగి చూశాడు.

"తాతా ఇక్కడే ఉంటాడు, నేనూ ఇక్కడే ఉంటానన్నావు. టీ తెచ్చి మరీ చెప్పావు."

"మెల్లగా అక్కా, వింటాడు."

"అన్నయ్యకి తెలుసా?"

"పదిహేను రోజుల నుంచీ తెలుసు. నేనే చెప్పొద్దన్నాను." తర్వాత గొంతు ఇంకా తగ్గించాడు. "ఒక్కటే మాట. స్క్రూ నడుమ సంగతి ఎత్తకు. నీకు పుణ్యముంటుంది."

పదిహేను రోజులు. పదిహేను రోజులు ఆ మనిషి తన డబ్బాలో కూర తిన్నాడు. సెట్టరమ్మకి ఏడుపు రాలేదు, అవమానంతో చెవులు వేడెక్కాయి. పూడిపోయిన గొట్టంలోకి నోటితో గాలి ఊదింది తను. మడ్డి నాలుకకి తగిలితే ఉమ్మేసి మళ్ళీ ఊదింది. ఇదంతా తన కాళ్ళకింద తనే గొయ్యి తవ్వుకోవడానికా?

కళ్ళజోడాయన మెషీన్ దగ్గరికి తిరిగొచ్చి టేబుల్ వైపు చూపించాడు. "వైస్ ఇలా చివర పెట్టారేమిటమ్మా?"

"అది మా అక్క పద్ధతండీ" అన్నాడు తమ్ముడు.

"పద్ధతి కాదు. నడుమ స్క్రూ అరిగింది. అక్కడ కొలత నిలవదు. అందుకని చివరికి జరిపాను" అంది సెట్టరమ్మ.

షాపులో కంప్రెసర్ ఆగే సమయం అది. అది ఆగేసరికి ఆ మాట అందరికీ వినిపించింది. కళ్ళజోడాయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నవ్వేశాడు, చక్కటి నవ్వు.

"అక్కకి దీన్ని వదలాలని లేదండీ. పద్దెనిమిదేళ్ళ అనుబంధం. కన్నబిడ్డని పంపుతున్నట్టుంది పాపం."

కళ్ళజోడాయన మొహం మెత్తబడింది. "నాకు తెలుసమ్మా ఆ బాధ. నా పాత లేత్ అమ్మినరోజు నేను అన్నం తినలేదు. చిన్న షెడ్డు, నేనూ మా మేనల్లుడూ. బాగా చూసుకుంటాం, మీరు దిగులు పడకండి."

నిజం చెప్తే జాలి పడుతున్నాడు. సెట్టరమ్మకి అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"నడుమ పెట్టి కోస్తాను. మీరే చూడండి" అంది.

కొనేవాడి ముందు వద్దంటే అనుమానమొస్తుందని తమ్ముడు పక్కకి జరిగాడు. ఆవిడ వైస్ విప్పి నడుమకి తెచ్చి, డయల్ పెట్టి, సుత్తితో సర్ది, బిగించి, మళ్ళీ చూసి, కొత్త ప్లేటు పెట్టింది. కోపంలో ఉన్నా ఒక్క పనీ వదల్లేదు. మీట నొక్కి చేతులు కట్టుకుని నిలబడింది. రంధ్రం తర్వాత రంధ్రం పడుతుంటే ఇప్పుడు తెలుస్తుంది అందరికీ అనుకుంది.

కొలతలన్నయ్య పిన్నులు పెట్టాడు. మైక్రోమీటరు బిగించాడు. చాలాసేపు చూశాడు.

"పన్నెండు" అన్నాడు. "లోపలే ఉంది."

తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. కళ్ళజోడాయన తనూ ఒకసారి మైక్రోమీటరు గీతలు చూసి, "ఇంకేం కావాలమ్మా" అన్నాడు ప్రేమగానే.

సెట్టరమ్మ తెర వైపు చూసింది. పచ్చ అక్షరాల్లో తను రాసిన ఆరు వరసలు. దాటిపోయి, తిరిగి, ఎడమ నుంచే రా. తాత తప్పుని చూపిద్దామని కోసింది, తన ప్రోగ్రామే ఆ తప్పుని దాచిపెట్టింది. ఇప్పుడు అందరి ముందూ తను అబద్ధమాడిన మనిషి.

"అన్నయ్యా, నువ్వు చెప్పు" అంది. "నేను ప్రోగ్రాం ఎలా రాస్తానో నీకు తెలుసు. ఈ వదులు ఎలా కప్పుతానో ఈ షాపులో నీకొక్కడికే తెలుసు. ఆయనకి చెప్పు."

కొలతలన్నయ్య తమ్ముడి వైపు చూడలేదు, ఆవిడ వైపూ చూడలేదు. పిన్నులు ఒక్కొక్కటే తీసి గుడ్డతో తుడిచాడు.

"నేను కొలిచింది చెప్పాను చెల్లెమ్మా. పన్నెండు" అన్నాడు.

అబద్ధం కాదు. ఆయన జన్మలో తప్పు కొలత చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. సెట్టరమ్మకి తమ్ముడి మోసం కంటే ఆ పన్నెండు ఎక్కువ నొప్పెట్టింది.

వాళ్ళు ముగ్గురూ షట్టరు వైపు నడిచారు. క్రేను లోపలికి వస్తుందా, మెషీన్‌ని బయటికి జరపాలా అని మాట్లాడుకుంటున్నారు. సెట్టరమ్మ తెర ముందు నిలబడి ఆ ఆరు వరసల్లో మొదటిదాని మీదికి వెళ్ళి, చెరిపే మీట మీద వేలు పెట్టింది. వేలు కదలలేదు. చెడ్డ పని ఎలా చెయ్యాలో ఆ వేలికి తెలియదు. ఆ మేనల్లుడికి ఈ వరసలు ఎవరు రాసిపెడతారు? ముక్కలన్నీ తప్పు పోతుంటే తన చేతగానితనమే అనుకుంటాడు. నొక్కింది. రెండోది చెరిపింది. ఆరూ చెరిపి, ఇంకో ప్లేటు బిగించి మీట నొక్కింది. మెషీన్ శబ్దానికి వాళ్ళు వెనక్కి తిరిగారు.

ప్లేటు విప్పి, తుడిచి, కొలతలన్నయ్యకి ఇవ్వలేదు. కళ్ళజోడాయన చేతిలో పిన్నులూ మైక్రోమీటరూ ప్లేటూ పెట్టింది. "మీరే కొలవండి."

ఆయన కొలిచాడు. కళ్ళజోడు పైకి నెట్టి మళ్ళీ కొలిచాడు. "నలభై ఏడు" అన్నాడు. "ఒకే మెషీను, ఒకే చోట. పన్నెండు నిజమా, ఇది నిజమా?"

"మొదటిది నేనండీ. ఇది మెషీన్" అంది సెట్టరమ్మ.

ఆయన తెర వైపు చూశాడు, ఆవిడ చేతుల వైపు చూశాడు. పని తెలిసినవాడు, ఇంకేం అడగలేదు. టేపు సంచీలో పెట్టుకున్నాడు. తమ్ముడితో, మా మేనల్లుడితో మాట్లాడి ఫోన్ చేస్తానన్నాడు. సెట్టరమ్మకి మాత్రం చేతులు జోడించి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

తమ్ముడు చాలాసేపు షట్టరు దగ్గరే నిలబడి, తర్వాత వచ్చాడు.

"ఎంత పని చేశావక్కా."

"నాకు చెప్పుంటే నేనే సిద్ధం చేసేదాన్ని కదరా. అమ్ముతున్నానక్కా అంటే, ఇంతే శ్రద్ధగా చేసి, ఎక్కడ అరిగిందో, దాన్ని ఎలా వాడుకోవాలో కాగితం మీద రాసిచ్చి, నేనే దగ్గరుండి లారీ ఎక్కించేదాన్ని. ఎందుకు చెప్పలేదు?"

తమ్ముడు నేల చూపులు చూశాడు. ఈసారి అబద్ధం చెప్పలేదు.

"చెప్తే మనసుపెట్టి చెయ్యవేమో అనుకున్నాను."

సెట్టరమ్మకి మొదట మాట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తను పక్కన నిలబెట్టుకుని పని నేర్పిన కుర్రాడు, తన చెయ్యి పట్టుకుని మొదటి ముక్క కోసినవాడు, తన గురించి అనుకున్నది ఇదన్నమాట. ఉద్యోగం పోతుందని ఇందాకే తెలిసింది. అది తట్టుకుంది. ఇది తట్టుకోవడానికి ఎటు చూడాలో తెలియలేదు.

ఆ నలభై ఏడు ప్లేటు తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఉంచుకో. మనసుపెట్టకుండా నేను చేసిన ముక్క ఇదొక్కటే" అంది.

తర్వాత ఏప్రన్ విప్పి మడత పెట్టి టేబుల్ మీద ఉంచింది. కొలతలన్నయ్య తన బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు. ఆవిడ ఆయన పక్కనుంచే వెళ్ళి, చేతులు కడుక్కుంది.